ప్రవాసి వీరేంద్రనాథుడు

సఖినేటిపల్లి రేవున నిలిచి చూచినచో వసిష్ఠ గోదావరికి ఆవలి యొడ్డున నరసాపురము వైపు తీరము కనబడును. తరతరములుగా కోనసీమవాసులు పడవలమీదను పంటులమీదను ఈ నదిని దాటుచు వచ్చిరి. ఉదయమున కొబ్బరికాయల బస్తాలతో బయలుదేరినవాడు ఆవలి యొడ్డున పని ముగించుకొని ప్రొద్దు క్రుంకులోపల మరల ఈ యొడ్డునకు చేరును. ఇంతకంటె దూరము పోయినవారును గలరు. వెనుకటి తరములలో కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూనునకు పోయిన తెలుగువారు పెక్కుమంది. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలుచు వాడుక అందువలననే ఏర్పడినది. వారు పొట్టకూటికై పోయిరి. నాలుగు డబ్బులు వెనుకవేసికొని తిరిగి వచ్చినవారు కొందరు. రాలేక అచ్చటనే నిలిచిపోయినవారు కొందరు. అయినను వారు ఇల్లు చేరుటకు ఏ ప్రభుత్వమును అడ్డు చెప్పలేదు. ఓడకూలి చేతనున్న చాలును.

ప్రవాసములో మరియొక విధము కలదు. తిరిగి వచ్చినచో చెరసాలయో ఉరికంబమో ఎదురుచూచుచుండుటచేత స్వదేశమున అడుగు పెట్టలేనివాని ప్రవాసమది. మన పురాణకథలలో ఇట్టివి లేకపోలేదు. శ్రీరాముడు పదునాలుగేండ్లు అరణ్యవాసము చేసెను. పాండవులు పండ్రెండేండ్లు అడవులలోను, ఒక యేడు విరాటుని కొలువులో అజ్ఞాతముగను గడపిరి. కాని ఆ వనవాసములకు ఒక గడువుండెను. ఇంటికి పోవు దినమెన్నడో వ్రేళ్లమీద లెక్కించుకొనుటకు వీలుండెను. ఇరువదవ శతాబ్దపు రాజకీయ ప్రవాసికి ఆ పాటి ఊరటయు లేకపోయెను. హైదరాబాదులో పుట్టి, చదువుకై సముద్రము దాటి, ముప్పదియైదేండ్లు ఐరోపాలో నగరమునుండి నగరమునకు తరలుచు, తుదకు ఇంటివారికి తెలియకుండ మరణించిన వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుని చరిత్ర అట్టిది. ఈతని పేరు మన పిల్లలలో పెక్కుమంది విని యుండరు. ఈతని అక్క పేరు విననివారు మాత్రము లేరు. ఆమె సరోజినీ నాయుడు.

చట్టోపాధ్యాయులు వంగదేశీయులు. తండ్రి అఘోరనాథుడు ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి డాక్టరు పట్టమును పొందిన విద్వాంసుడు. నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా ఆయన హైదరాబాదునకు వచ్చి, ఆంగ్లవిద్య గరపు కళాశాలను నెలకొల్పెను. అదియే తరువాత నిజాం కళాశాల యైనది. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో పాటలు కూర్చెడిది. ఈ దంపతులకు ఎనమండ్రు సంతానము. 1879లో సరోజినియు, 1880 అక్టోబరు 31వ తేదీన వీరేంద్రనాథుడును జన్మించిరి. ఆ యింట జరిగిన గోష్ఠులకు కులమత భేదము లేదు. పండితులు, మౌల్వీలు, రసవాదమున నమ్మకము గల సాధువులు, విద్యార్థులు అందరును వచ్చి పోవుచుండెడివారు. అట్టి యింట పెరిగినవానికి భాషలు వాటంతట అవియే వచ్చినవి. వంగభాష, ఉర్దూ, హిందీ, పారసీకము, ఆంగ్లములతో పాటు తెలుగును తమిళమును వీరేంద్రుడు మాటలాడగలిగెడివాడు. పిమ్మట ఐరోపాలో నేర్చిన భాషలను కూడ లెక్కించినచో ఆ సంఖ్య మరి రెట్టింపగును.

ప్రవాసమను మాట ఆ యింటికి క్రొత్తది కాదు. ఈ సంగతిని కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. 1883లో నిజాము రాజ్యమున చాందా బొగ్గుగనుల వైపునకు ఇనుపదారి వేయుటకై లండనులోని ధనికులతో ఒక ఒడంబడిక సిద్ధమగుచుండెను. లాభము వారిది, నష్టము వచ్చినచో పూచీ రాజ్యముది యగునేమోయని పట్టణములోని విద్యావంతులకు సందేహము కలిగెను. వారు సభ చేసి, ఒడంబడిక కాగితములను ప్రజలకు చూపవలసినదని కోరిరి. నేటి మనకు ఇది మిక్కిలి న్యాయమైన కోరికగా తోచును. ఆనాటి ప్రభుత్వమునకు రాజద్రోహముగా తోచెను. అఘోరనాథుడు ఉద్యోగమును పోగొట్టుకొని, 1883 మే నెలలో రాజ్యమునుండి వెడలగొట్టబడెను. అప్పటికి వీరేంద్రునకు మూడేండ్లు నిండలేదు. కొంతకాలమునకు కోపము చల్లారి, నిజాము ప్రభుత్వము ఆయనను మరల పిలిపించి కొలువున నిలిపినది. తండ్రి తిరిగి వచ్చెను. కుమారుని విషయమున అట్లు జరుగలేదు.

ఆ కుటుంబమునకు తెలుగుదేశముతో మరియొక బంధము ఏర్పడెను. 1898లో సరోజినికిని డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయునికిని చెన్నపట్టణమున బ్రాహ్మసమాజ పద్ధతిని వివాహము జరిగినపుడు పౌరోహిత్యము చేసినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. కులాంతర వివాహమన్నచో ఊరు ఊరంతయు ఉలికిపడు దినములవి.

వీరేంద్రుడు మద్రాసు విశ్వవిద్యాలయమున ప్రవేశపరీక్షయు, కలకత్తాలో పట్టపరీక్షయు ముగించి, 1902లో ఇంగ్లండునకు పోయెను. ఇండియను సివిలు సర్వీసులో చేరి కలెక్టరు కావలెనని ఇంటివారి కోరిక. పరీక్ష నెగ్గలేదు. న్యాయవాదియగుటకై లండనులోని మిడిల్ టెంపుల్ అను న్యాయవిద్యాసంస్థలో చేరెను. అది బాగుగనే సాగియుండిన మనకు ఈ కథయే లేదు. కాని లండనులో శ్యాంజీ కృష్ణవర్మ నెలకొల్పిన 'ఇండియా హౌస్' అను భవనము వంగ విభజనము నాటి వేడిని సముద్రము దాటించి తెచ్చినది. అచ్చట వినాయక దామోదర సావర్కరు మొదలైన యువకులతో వీరేంద్రుడు కలిసెను. 1909 జూలై 1వ తేదీన మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ విల్లీ యను ఆంగ్లాధికారిని కాల్చిచంపెను. లండనులోని భారతీయులు సభ చేసి ఆ హత్యను ఏకగ్రీవముగ ఖండింపబూనగా సావర్కరు ఒప్పుకొనలేదు. సావర్కరును సమర్థించుచు వీరేంద్రుడు 'టైమ్స్' పత్రికకు లేఖ వ్రాసెను. మిడిల్ టెంపుల్ పెద్దలు అతనిని సంస్థనుండి తొలగించిరి. ఒక లేఖతో వకీలు వృత్తి పోయెను. అయినను ఆ సంవత్సరముననే 'తల్వార్' అను విప్లవ పత్రికకు సంపాదకత్వము వహించెను. 1910లో సావర్కరు పట్టుబడిన పిమ్మట, తన వంతు వచ్చునని యెరిగి, జూన్ నెలలో ప్యారిసునకు వెడలిపోయెను. బ్రిటిష్ జెండా యెగురు నేలమీద అతడు స్వేచ్ఛగా నిలువగల కాలము అంతటితో ముగిసినది.

ఇచ్చట చదువరులు ఒక విషయమును గ్రహింపవలెను. ఆ కాలమున ఐరోపాలో ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుట పెద్ద పని కాదు. 1914లో యుద్ధము ఆరంభమైన పిమ్మట పాసుపోర్టు లేనిదే సరిహద్దు దాటుట దుర్లభమైనది. ఎల్లలన్నియు బిగిసినవి. పాసుపోర్టు నిచ్చునది స్వదేశ ప్రభుత్వము. భారతీయునకు స్వదేశ ప్రభుత్వమన బ్రిటిష్ ప్రభుత్వమే. ఎవనితో పోరాడుచున్నాడో వానినే వెళ్లి చీటి యడుగవలె నన్నమాట. యుద్ధానంతరము నిలువనీడలేని రష్యనులకు నాన్సెన్ అను నార్వే దేశీయుని పేర 1922లో ఒక విధమైన పత్రము నిచ్చిరి. భారతీయ ప్రవాసికి అదియు దక్కదు. చట్టము ప్రకారము అతడు బ్రిటిష్ చక్రవర్తి ప్రజయే కదా! కాబట్టి అతడు ఏ దేశమున నున్నను, ఆ దేశపు పోలీసువారి దయ ఉన్నంతవరకే యుండవలెను. దయ యూరకయే రాదు. ఆశ్రయమిచ్చువారికి ఏదో ప్రయోజనముండును. వీరేంద్రుని జీవితములోని పెక్కు మలుపులకు ఇదియే కీలకము.

ప్యారిసులో అతడు మేడమ్ భికాజీ కామాతో కలిసి పనిచేసెను. ఫ్రెంచి సోషలిస్టు పక్షమున సభ్యుడుగ చేరెను. 1910 జూలైలో సావర్కరు మార్సెయిల్స్ రేవున ఓడనుండి దూకి ఫ్రెంచి గడ్డ చేరగా, ఫ్రెంచి రక్షకభటుడు పట్టి అప్పగించిన అతనిని బ్రిటిష్ కావలివారు మరల ఓడ యెక్కించిరి. ఫ్రాన్సు గడ్డమీద పరదేశపు పోలీసులకు అధికారమేమని నిలదీసి యడిగినవారు ఆ సోషలిస్టులే. హేగు న్యాయస్థానము 1911లో బ్రిటనుకే అనుకూలముగ తీర్పు చెప్పినది. అది వేరు సంగతి. పరాధీన దేశముల మొర వినువారు ఐరోపాలో ఎవరైన నున్నచో ఈ పక్షమువారే యని వీరేంద్రునకు తోచియుండుట వింత కాదు. జాతీయవాదిగ ఇల్లు విడిచినవాడు క్రమముగ సోషలిస్టుగ మారిన కాలమిది.

1914 వసంతమున అతడు జర్మనీకి పోయెను. కొన్ని నెలలకే యుద్ధము వచ్చెను. బ్రిటనుకు శత్రువైన జర్మనీ తమకు మిత్రమగునని తలచి, అచ్చటి భారతీయ విద్యార్థులు బెర్లినులో ఒక సంఘముగ ఏర్పడిరి. దానికి జర్మను విదేశాంగ కార్యాలయము ధనమిచ్చినది. వీరేంద్రుడు ఆ సంఘమునకు ప్రాణము వంటివాడు. కాబూలునకు రాజా మహేంద్రప్రతాప్, బర్కతుల్లాలతో ఒక రాయబారమును పంపిరి. వారు 1915 డిసెంబరు 1వ తేదీన అచ్చట స్వతంత్ర భారత తాత్కాలిక ప్రభుత్వమును ప్రకటించిరి. అమెరికానుండి తుపాకులను ఓడలమీద తెప్పింప యత్నించిరి. ఆ తుపాకులు భారతతీరమును చేరలేదు. ఒకమాట చెప్పక తప్పదు. తానే ఆఫ్రికాలో వలసలను పాలించుచున్న జర్మను చక్రవర్తి, భారతీయుల స్వేచ్ఛ కొరకు వారిని ఆదరించెననుకొనుట పొరపాటు. బ్రిటిష్ సైన్యము ఇండియాలో చిక్కుబడవలెనని అతని కోరిక. సంఘమువారికి ఇది తెలియక పోలేదు. శత్రువునకు శత్రువు మిత్రుడను నీతిని నమ్మి, తెలిసియే ఆ ధనమును గైకొనిరి. యుద్ధమున జర్మనీ ఓడిన మరునాడు ఆ మైత్రికి విలువ లేకపోయెను.

బ్రిటిష్ గూఢచారులు వీరేంద్రుని వెంటాడిరి. 1915లో అతడు స్విట్జర్లాండునకు పోయినపుడు అతనిని వలలో వేయుటకు ఒక గూఢచారి చేసిన ప్రయత్నము విఫలమైనది. ఆ దేశముననే బ్రిటిష్ గూఢచారిగ పనిచేసిన సోమర్సెట్ మామ్ అను రచయిత, తరువాత 1928లో ప్రకటించిన 'ఆషెండెన్' అను కథల సంపుటిలో చంద్రలాల్ అను భారతీయ విప్లవకారుని పాత్రను కల్పించెను. ప్రియురాలి జాబుతో అతనిని సరిహద్దు దాటించి పట్టుకొందురు. అతడు విషము త్రాగి మరణించును. ఆ పాత్రకు మూలము వీరేంద్రుడే యని విమర్శకుల అభిప్రాయము. కథలో చంపినవాడు బెర్లినులో బ్రతికియే యుండెను.

ఆ యుద్ధకాలముననే మరియొక తెలుగువాడును ఇట్టి సాహసమున దిగెను. కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య చదువుకై అమెరికాకు పోయి, గదర్ పార్టీలో చేరి, సయాములో పట్టుబడి, స్వదేశమునకు ఖైదీగ కొనిరాబడెను. యుద్ధానంతరము విడుదలయై, సంఘసంస్కరణమునందును రాజకీయములందును శ్రమించి, 'నేనూ నా దేశం' అను స్వీయచరిత్రమును వ్రాసెను. కారాగృహ మార్గముననైనను అతడు ఇల్లు చేరెను. తన కథను తన భాషలో తానే చెప్పుకొనెను. వీరేంద్రుని చరిత్రమును మనము గూఢచారుల నివేదికలనుండియు, మిత్రుల జ్ఞాపకములనుండియు, పరభాషలలో అతడు వ్రాసిన లేఖలనుండియు ఏరుకొనవలసియున్నది. పట్టుబడుట మేలా, తప్పించుకొనుట మేలా యన్నచో వెంటనే సమాధానము చెప్పుట కష్టము.

1917లో అతడు తటస్థ దేశమైన స్వీడనుకు పోయెను. ఐరోపా సోషలిస్టులు యుద్ధమును మాన్పుటకై స్టాక్‌హోము నగరమున సమావేశము కావలెనని ప్రయత్నించుచుండిరి. చెన్నపట్టణమునకు చెందిన ఎం. పి. టి. ఆచార్యతో కూడి వీరేంద్రుడు వారి ముందు భారతదేశపు వాదమును నిలిపెను. ఆశించిన సానుభూతి దొరకలేదు. బెల్జియము సంగతి విన్నవారికి భారతదేశపు సంగతి వినుటకు తీరిక లేకపోయెను. ఆ నిరాశ అతని దృష్టిని రష్యా విప్లవము వైపు త్రిప్పినది. 1921లో వివేకానందస్వామి తమ్ముడైన భూపేంద్రనాథ దత్తు మొదలైనవారితో కూడి మాస్కోకు పోయెను. అప్పటికే అచ్చట ఎం. ఎన్. రాయ్ పలుకుబడి సంపాదించియుండెను. రెండు పక్షములకు పొత్తు కుదరలేదు. వీరేంద్రుడు నెలల తరబడి వేచియుండి, వట్టి చేతులతో బెర్లినునకు మరలెను.

బెర్లినులో గడపిన ఆ తరువాతి పదేండ్లే అతని జీవితమున మిక్కిలి దరిద్రమైనవి, మిక్కిలి ఫలవంతమైనవియు. జర్మను డబ్బు ఇప్పుడు లేదు. ఒక చిన్న వార్తాసంస్థను నడపి, భారతదేశపు వార్తలను ఐరోపా పత్రికలకును, ఐరోపా వార్తలను భారత పత్రికలకును పంపుచుండెను. చదువుకై వచ్చిన భారతీయ విద్యార్థులకు గది వెదకి పెట్టుట, విశ్వవిద్యాలయమున ప్రవేశము సంపాదించుట అతని పనులే. అమెరికను రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ అప్పుడు అతనికి సహచరి. ఇల్లు ఎప్పుడును అతిథులతో నిండియుండెడిది; వంటకు పైకము మాత్రము ఉండెడిది కాదు. ఆమెకు ఆ జీవితము భరింపరానిదైనది. 1928లో ఆమె వెడలిపోయి, తరువాత చైనా విప్లవమును గురించి వ్రాసి ప్రసిద్ధి కెక్కినది. అయినను ఏండ్లు గడచిన పిమ్మట వీరేంద్రుని గూర్చి వ్రాయుచు, ఇంగ్లండులోనో అమెరికాలోనో పుట్టియుండినచో ఈతని ప్రజ్ఞ ఈతనిని ఆ తరపు మహానాయకులలో నిలిపియుండెడిదని భావించినది.

జవాహర్‌లాల్ నెహ్రూ 1926, 27 సంవత్సరములలో ఐరోపాలో నుండెను. ప్రవాస భారతీయులు పెక్కుమందిని చూచెను. వారిలో బుద్ధిబలముచేత తన్నాకర్షించినవారు ఇద్దరే యని, వారు వీరేంద్రనాథుడును ఎం. ఎన్. రాయ్‌యును అని ఆయన ఆత్మకథలో చెప్పెను. వీరేంద్రుని దుస్తులు చినిగియుండెడివనియు, ఒక పూట భోజనమునకే కొన్ని వేళల కటకటపడెడివాడనియు, అయినను హాస్యప్రియత్వమును వీడలేదనియు వ్రాసెను. అప్పుడప్పుడు ఇంటి మీద బెంగ పుట్టుకొని వచ్చెడిదట. కాని ఇంతకాలమైన పిమ్మట ఇండియాకు వచ్చినను ఇచ్చట ఇమడలేక బాధపడునేమో యనియు నెహ్రూ తలచెను. కావచ్చును. ఇమడునో ఇమడడో తెలిసికొను అవకాశమైనను అతనికి దొరకవలసినది గదా యని మనకు తోచును.

1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్సు నగరమున పరాధీన దేశముల మహాసభ జరిగినది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలనుండి వచ్చిన ప్రతినిధులును, ఐరోపా సోషలిస్టులును ఒక చోట కూర్చుండిరి. ఇండియా కాంగ్రెసు పక్షమున నెహ్రూ వచ్చెను. ఇండొనీషియానుండి మహమ్మద్ హట్టా వచ్చెను. ఆల్బర్టు ఐన్‌స్టీను గౌరవాధ్యక్షులలో ఒకడు. ఆ సభలో పుట్టినదే సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి. విల్లీ మ్యూంజెన్‌బర్గ్ అను జర్మను కమ్యూనిస్టుతో పాటు వీరేంద్రుడు దాని కార్యదర్శియై, బెర్లిను కార్యాలయమునుండి లోకమంతటికిని లేఖలు వ్రాసెను. ఇరువది సంవత్సరములకు స్వతంత్ర దేశములకు నాయకులు కాబోవువారు అప్పుడు అచ్చట చలికోటులతో వరుసగ కూర్చుండిరి. వారిని కలిపి కూర్చుండబెట్టిన వారిలో నొకడైన మనవానికి మాత్రము తన దేశపు గడప దాటు వీలు లేదు.

ఈ మంచి కాలము నిలువలేదు. 1928 తరువాత మాస్కోలోని అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ తన విధానమును మార్చుకొని, గాంధీ నెహ్రూల వంటివారిని కూడ శత్రుపక్షముగ ఎంచవలసినదని తన శాఖల నాజ్ఞాపించినది. జర్మను కమ్యూనిస్టు పక్షమున చేరియున్న వీరేంద్రుడు ఆ విధానమునే అనుసరించి 1930, 32 సంవత్సరముల నడుమ పెక్కు వ్యాసములు వ్రాసెను. నెహ్రూకును సమితికిని సంబంధము తెగిపోయెను. ఇల్లు విడిచి ముప్పది యేండ్లయినవాడు ఇంటిలో ఏమి జరుగుచున్నదో కాగితములనుండి మాత్రమే తెలిసికొనుచుండెను. 1930లో ఉప్పు పండించిన లక్షలాది ప్రజలను కన్నులార చూచియుండినచో ఆ వ్యాసములను అట్లే వ్రాసియుండునా యని సందేహము. అతనిని ఆదరించిన స్నేహమునే అతడు చేజేతుల త్రెంచుకొనెను. వీరేంద్రుని చరిత్రమున మనలను మిక్కిలి బాధించు భాగమిదియే.

జర్మనీలో నాజీలు బలపడుచుండిరి. 1931లో అతడు మాస్కోకు తరలెను. 1933 జనవరిలో హిట్లరు అధికారమునకు వచ్చుటతో బెర్లినునకు మరలు దారి మూసికొనిపోయెను. మాస్కోలో అతనికి రాజకీయ కార్యమేదియు అప్పగింపలేదు. పని లేకుండ కూర్చుండబెట్టిరని పెద్దలకు మొరపెట్టుకొనెను. ఆ పిమ్మట లెనిన్‌గ్రాడు నగరమున విజ్ఞాన పరిషత్తుకు చెందిన జాతిశాస్త్ర సంస్థలో భారత విభాగమునకు పెద్దగ పనిచేసెను. నీవా నది యొడ్డున పీటరు చక్రవర్తి కట్టించిన పురాతన ప్రదర్శనశాల దాని నిలయము. లిడియా కరునోవ్‌స్కాయా యను పండితురాలు ఆ సంస్థలోనిదే, ఆమెను వివాహమాడెను. బహుభాషావేత్తకు తగిన కొలువు అది. ఏబదియేండ్ల ప్రాయమున ఒక గ్రంథాలయము, ఒక బల్ల, ఒక గృహము దొరికినవి. భారతదేశపు వస్తువులు అద్దపు పెట్టెలలో అతని చుట్టును ఉండెను.

1937లో స్టాలిను ప్రభుత్వము తన పక్షమువారినే వేలకొలదిగ నిర్బంధింపసాగినది. విదేశములనుండి వచ్చి ఆశ్రయము పొందినవారిమీద అనుమానము మరింత తీవ్రముగ నుండెను. పది దేశములు తిరిగినవాడు, పది భాషలు వచ్చినవాడు, నలుమూలలకు లేఖలు వ్రాసినవాడు గూఢచారి గాక మరెవ్వడగునని వారి తర్కము. లండనువారు జర్మను గూఢచారి యనిరి. మాస్కోవారును అతనిని నమ్మలేదు. జూలై 15వ తేదీన వీరేంద్రుని నిర్బంధించిరి. సెప్టెంబరు 2వ తేదీన సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధింపగా కాల్చిచంపిరి. అతనివలెనే మాస్కో నాశ్రయించిన ఆబనీ ముఖర్జీ మొదలైన భారతీయులును ఆ యేటి చీకటిలోనే కడతేరిరి. ఆశ్రయము విషమించుట ఒక్క రష్యాలోనే జరుగలేదు. స్పెయిను అంతర్యుద్ధమున ఓడి, 1939లో పర్వతములు దాటి ఫ్రాన్సు చేరిన కటలోనియా దేశాధ్యక్షుడు లూయీస్ కొంపానీస్‌ను మరుసటి యేడు జర్మనులు పట్టి ఫ్రాంకో ప్రభుత్వమున కప్పగింపగా, బార్సిలోనాలో కాల్చిచంపిరి. కొంపానీస్‌కు తన నేలమీద చావు వచ్చినది. వీరేంద్రునకు అదియు లేదు.

అతని మరణవార్త ఎవరికిని ప్రకటింపబడలేదు. భార్యకును సరియైన సంగతి తెలియనీయలేదు. ఇండియాలో బంధువులు విన్నవి వదంతులే. సరోజినీ నాయుడు స్వతంత్ర భారతమున సంయుక్త రాష్ట్రముల (యునైటెడ్ ప్రావిన్సెస్) గవర్నరై, 1949 మార్చి 2వ తేదీన లక్నోలో కన్నుమూసినది. బెర్లినులో వీరేంద్రునితో పనిచేసిన నంబియారు 1950 దశకమున అదే జర్మనీకి భారతదేశపు రాయబారిగ పోయెను. కవియు నటుడునైన తమ్ముడు హరీంద్రనాథుడు 1952లో విజయవాడ నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. అన్న మరణించి అప్పటికి పదునైదేండ్లు. ఆ మరణదినము సోవియట్ దస్తరములలోనే మూసియుండెను. ఆ దేశపు రాతభాండారములు తెరువబడిన పిమ్మట, ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో గాని, ఆ తేదీ లోకమునకు తేటతెల్లము కాలేదు.

హైదరాబాదులో అఘోరనాథుని ఇల్లు ఇప్పటికిని కలదు. సరోజిని మొదటి కవితాసంపుటి పేరున దానిని 'గోల్డెన్ త్రెషోల్డ్' అందురు. 1970 దశకమున దానిని హైదరాబాదు విశ్వవిద్యాలయమున కిచ్చిరి. ఆ విశ్వవిద్యాలయపు తొలి తరగతులు అందు జరిగినవి. త్రెషోల్డ్ అనగా మన భాషలో గడప.